దూరం పెరిగింది, ప్రయాణం తగ్గింది

శ్రోతలకు నమస్కారం.

శాన్‌ఫ్రాన్సిస్కోలో శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు విమానం బయలుదేరుతుంది. బెంగళూరులో సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి పావుగంట ముందు దిగుతుంది. టికెట్ మీద ఈ వేళలు చూసిన తల్లి, "అయ్యో, ఆదివారమంతా పిల్లవాడు ఆకాశంలోనేనా!" అని కంగారు పడుతుంది. 2021 జనవరి 9న ఎయిరిండియా ఆ రెండు ఊళ్ల మధ్య నడిపిన తొలి నాన్‌స్టాప్ విమానానికి వేసిన వేళలివి.

వేళ్లు మడిచి లెక్క చూద్దాం. చలికాలంలో మన గడియారం వాళ్లకంటే పదమూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇక్కడ ఆదివారం ఉదయం పది. అక్కడి నుంచి లెక్కపెడితే ప్రయాణం 17 గంటల 45 నిమిషాలు. తల్లి కంగారు మరీ తప్పేమీ కాదు!

ఆ విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ సారథ్యంలో దాన్ని నడిపిన పైలట్లందరూ మహిళలే. అమెరికా నుంచి రావడానికి ధ్రువం దాకా పోవడమెందుకు? బడిలో గోడకు వేలాడదీసిన ప్రపంచ పటం మనల్ని కొంత మోసం చేసింది. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస బెంగళూరు మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం తనంతట తానే పైకి, ధ్రువం వైపు జరుగుతుంది. అదే దగ్గరి దారి, సుమారు 14,000 కిలోమీటర్లు.

అయితే దగ్గరి దారే తొందరగా చేరుస్తుందా అంటే, అన్నిసార్లూ కాదు. నాకు బాగా నచ్చిన ముచ్చట ఇదే. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా మొదట పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్ల దాకా పెరిగింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటలకు దిగి, దాదాపు రెండు గంటలు కలిసొచ్చింది.

కారణం గాలి. విమానాలు ఎగిరే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటే అదే. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి, గాలివాలున తెరచాప ఎత్తిన పడవవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. పద్నాలుగున్నర గంటలతో ఆ దూరాన్ని భాగించి చూడండి, గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. గాలి సాయం లేకుండా ప్రయాణికుల విమానం మామూలుగా పోయేది తొమ్మిది వందల దరిదాపుల్లోనే. అదే గాలి పడమరకు పోయేటప్పుడు ఎదురు నిలుస్తుంది. ఒకే దారిలో పోవడానికో సమయం, రావడానికో సమయం పట్టేది అందుకే.

ఇంకొక మాట. టికెట్‌లో వేసేది విమానం అక్కడ గేటు నుంచి కదిలినప్పటి నుంచి ఇక్కడ గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. ఇమిగ్రేషన్ వరసలో నిలబడటం, బెల్టు మీద తిరిగే ఒకే రంగు సూట్‌కేసుల్లో మనది వెతుక్కోవడం అందులో ఉండవు. తీసుకురావడానికి వెళ్లేవారు ఇంకో గంట కలుపుకొని బయలుదేరండి.