చెయ్యి వదలని తాడు

అందరికీ నమస్కారం. పెద్ద కుక్కను నడిపించే తాడు గురించి చెప్పే ముందు నా భార్య కుడి చేతి ఉంగరపు వేలి గురించి చెప్పాలి.

రెండేళ్ళ కిందట, ఒక డిసెంబరు ఉదయం, మన విశాఖ బీచ్ రోడ్డులో జలాంతర్గామి మ్యూజియం దాటాక జరిగిందిది. మా భీముడు రాట్‌వీలర్ జాతి కుక్క. అప్పటికి నలభై కిలోలున్నాడు. మెడకు బెల్టు, బెల్టుకు చిటికెన వేలంత కూడా లేని నైలాన్ తాడు. తాడు జారుతోందని ఆమె దాన్ని చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. ఇసుక వైపు నుంచి ఒక వీధికుక్క మొరిగింది. భీముడు ఒక్కసారిగా దూకాడు. ఆమె పడలేదు, తాడు తెగలేదు, వేలు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది. ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా మడత పడదు.

నేను ముప్పై రెండేళ్ళు ఓడరేవులో సరుకు ఎత్తే తాళ్ళ దగ్గర పనిచేశాను. కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడికీ నేను చెప్పిన మొదటి మాట, తాడును చేతికి చుట్టుకోవద్దని. చుట్టు పడిన తాడు లాగేకొద్దీ బిగుస్తుందే తప్ప తనంతట తాను జారదు. వందల మందికి చెప్పిన ఆ మాట ఇంట్లో చెప్పలేదు. ఈ రెండేళ్ళుగా నేను తాళ్ళు కుడుతూ, విప్పుతూ, మళ్ళీ కుడుతూ ఉన్నానంటే కారణం అదే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు 2001 నుంచి 2020 వరకు ఆసుపత్రుల అత్యవసర విభాగాల లెక్కలు చూశారు. తాడు కట్టిన కుక్కను నడిపిస్తూ గాయపడి వచ్చిన పెద్దవాళ్ళు నాలుగు లక్షల ఇరవై రెండు వేల మందికి పైగా ఉన్నారు. వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలు. ఎక్కువగా కనిపించిన గాయాల్లో వేలి ఎముక విరగడం ఒకటి, తలకు దెబ్బ మరొకటి, భుజం బెణకడం ఇంకొకటి. ఆ వేలి సంగతి చదివినప్పుడు నేను కాగితం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

పెద్ద కుక్కకు తాడు కొనేటప్పుడు మనం అడిగేది ఒక్కటే: తెగుతుందా, తెగదా? దుకాణంలో కూడా దాన్ని లాగి చూపిస్తారు. కానీ కుక్కకూ మనిషికీ మధ్య తాడు తెగడం అరుదు. ముందు ఓడిపోయేది చెయ్యి. నొప్పి పుట్టిన చెయ్యి వదిలేస్తుంది, లేదా వదలలేక విరుగుతుంది. అందుకే చేతికి హాయిగా ఉండటాన్ని విలాసం కింద లెక్కకట్టవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. పట్టు నిలిచేది దానివల్లే.

చిన్న లెక్క చెబుతాను. నలభై కిలోల కుక్క సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో దూకింది. ఆ బరువు కుక్కకు అది పెద్ద వేగమేమీ కాదు. తాడు, చెయ్యి, భుజం అన్నీ కలిసి పది సెంటీమీటర్లు మాత్రమే సాగి దాన్ని ఆపితే, ఆ క్షణంలో చేతి మీద పడే లాగుడు సగటున మూడు వందల ఇరవై కిలోల బరువుతో సమానం. అదే కుక్కను అర మీటరు దూరంలో ఆపితే అరవై అయిదు కిలోలు. కుక్క మారలేదు, మనిషి మారలేదు, ఆగే దూరం మాత్రమే మారింది.

ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. కావడి మోసేవారిని చూసినవారు ఇక్కడ చాలామందే ఉంటారు. వెదురు బద్ద అడుగడుగునా వంగి లేస్తుంది. అదే ఇనుప కడ్డీ అయితే ప్రతి అడుగూ భుజానికి దెబ్బే. మన తాడుకు కూడా అలాంటి వెదురు బద్ద ఒకటి కావాలి. నేను తాడు మధ్యలో ముప్పై సెంటీమీటర్ల మేర రబ్బరు పెట్టాను. అది పదిహేను సెంటీమీటర్లు సాగుతుంది. మోచెయ్యి, భుజం ఇంకో ముప్పై దాకా ఇస్తాయి. అంతకంటే ఎక్కువ సాగనివ్వకూడదు. మొదటి నమూనాలో బాగా సాగే రబ్బరు వాడాను. భీముడు ఎక్కడున్నాడో చేతికి తెలియలేదు, నేను ఆపుతున్నానని వాడికీ తెలియలేదు. పైగా సాగిన రబ్బరు వెనక్కి కొడుతుంది. అందుకని రబ్బరును ముడతలు పెట్టిన పాలిస్టర్ పట్టీ లోపల దాచాను. హద్దు దాకా సాగాక బరువంతా పట్టీ మీద పడుతుంది. రబ్బరు తెగినా కుక్క చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు చెయ్యి. నా భార్య అరచేతి వెడల్పు ఏడున్నర సెంటీమీటర్లు. ఆరు మిల్లీమీటర్ల తాడుతో ముప్పై కిలోలు లాగితే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఏడు కిలోల ఒత్తిడి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే ఒక కిలో. నీళ్ళ బిందె కింద చుట్టకుదురు పెట్టుకున్న ఏ తల్లీ ఈ లెక్క కట్టి ఉండదు, అయినా ఆమె చేసింది ఇదే. కానీ బల్లపరుపు పట్టీని అంత వెడల్పు చేస్తే వేళ్ళు మూసుకోవు, పట్టీ మడత పడి మళ్ళీ తాడయిపోతుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రతో గుండ్రటి పిడి కూడా తిప్పించి చూశాను. చూడటానికి ఎంతో అందంగా వచ్చింది, విశాఖ చెమటకు జారిపోయింది. చివరికి కుదిరింది పూర్ణా మార్కెట్‌లో దొరికే నూలు నవారు. పాలిస్టర్ పట్టీ చుట్టూ మెత్తటి పొర వేసి, దానిపైన నవారు చుట్టి, మూడు సెంటీమీటర్ల పైచిలుకు మందం తెచ్చాను. వేళ్ళ చివరలు బొటనవేలిని దాదాపు తాకుతాయి. నూలు చెమటను పీల్చుకుంటుంది. నవారును గుండీలతో బిగించాను కాబట్టి విప్పి ఉతుక్కోవచ్చు.

ఈ పిడి మణికట్టుకు కడియంలా వేసుకునేది కాదు. బకెట్టు పిడిలా వేళ్ళతో పట్టుకునేది. తప్పనిసరి అయితే వదిలేయగలగాలి. తాడు పొడవునా ముప్పై సెంటీమీటర్లకు ఒకటి చొప్పున గట్టి గుబ్బలు కుట్టాను. రెండో చెయ్యి అక్కడ పట్టుకుంటే జారదు. చుట్టుకోవద్దని చెప్పడం ఒక్కటే చాలదు, చుట్టుకునే అవసరం రాకుండా తాడే చూసుకోవాలి. నా భార్య చేసినది తప్పు కాదు. ఆ తాడులో పట్టుకోవడానికి ఏమీ లేదు, అందుకే చుట్టుకుంది.

కొక్కేనికి నలభై సెంటీమీటర్ల దూరంలో రెండో పిడి ఉంది. సిరిపురం కూడలిలో రోడ్డు దాటేటప్పుడు దాన్ని పట్టుకోవాలి. ఇది రబ్బరుకు కుక్క వైపున ఉండాలి. దగ్గర పట్టులో సాగుడు పనికిరాదు.

ఓడరేవులో సరుకుకు చుట్టి ఎత్తే ఇనుప తాళ్ళను, అంటే స్లింగులను, మోయాల్సిన బరువుకు అయిదు రెట్లు తట్టుకునేలా ఎంచుకుంటాం. కుక్కను అర మీటరులో ఆపినప్పుడు పడే అరవై అయిదు కిలోలకు అయిదు రెట్లు మూడు వందల పాతిక. అంటే రబ్బరు పని చేయని రోజున పడే ఆ పెద్ద దెబ్బకు కూడా అది సరిపోతుంది. జగదాంబ దగ్గర బ్యాగులు కుట్టే ఒక మిత్రుడు నాకోసం చతురస్రం గీసి మధ్యలో అడ్డంగా గుణకారపు గుర్తు వేసినట్టు కుట్టాడు. సిమెంటు బస్తాలు వేలాడదీశాం. మొదటిసారి అయిదో బస్తాకు కుట్టు విడిపోయింది. అది నూలు దారం. పాలిస్టర్ దారంతో కుట్టాక ఏడు బస్తాలు, మూడు వందల యాభై కిలోలు, నిలిచింది. ముడి మాత్రం ఎక్కడా వేయకండి. ముడి పడిన చోట తాడు బలం మూడో వంతు తగ్గుతుంది, ఒక్కోసారి సగానికి పడిపోతుంది.

కొక్కెం గురించి మన ఊరివాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మెరిసే చవక కొక్కేలలో చాలావరకు జింకు మిశ్రమం మీద పూత పూసినవే. లోపలి స్ప్రింగు ఇనుముది. సముద్రపు గాలికి పైన మెరుస్తూనే లోపల తుప్పు పడుతుంది. ఒకరోజు నొక్కిన మీట వెనక్కి రాదు. ఇత్తడి కొనండి, లేదా ఓడల్లో వాడే 316 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు. స్ప్రింగు కూడా అదే ఉక్కుదో కాదో అడగండి. బీచ్ నుంచి ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగండి. తోలు తాడు చేతికి ఎంత బాగున్నా మన వానాకాలంలో బూజు పడుతుంది, రోజూ తుడిచి నూనె రాసే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్ళండి.

తాడు రెండో చివర ఒక ప్రాణి ఉంది. మెడ బెల్టుతో లాగుతున్న కుక్కకు కంటిలోని ఒత్తిడి గణనీయంగా పెరుగుతుందనీ, ఛాతీకి వేసే హార్నెస్‌తో అలా పెరగదనీ 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. గొంతు బిగిస్తే రొప్పడం కష్టమవుతుంది, కుక్క తన ఒంటి వేడిని వదిలేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే. మే నెలలో ఈ ఊళ్ళో దాని అర్థం మీకు వేరే చెప్పనక్కరలేదు. అందుకే గొంతు బిగిసే గొలుసులకూ, ముళ్ళ బెల్టులకూ నేను పూర్తిగా వ్యతిరేకిని.

హార్నెస్‌లోనూ తేడా ఉంది. ఎద్దు భారమంతా కాడికి ఆనించి లాగినట్టు, వీపు మీద కొక్కెం తగిలిస్తే కుక్క ఒళ్ళంతా పెట్టి లాగగలదు. మంచు ప్రాంతాల్లో బండి లాగే కుక్కలకు కట్టేది అలాగే. బలమైన కుక్కకు ఛాతీ ముందున్న వలయానికి తగిలించండి. అది లాగిన ప్రతిసారీ దాని ఒళ్ళే పక్కకు తిరుగుతుంది. మేం అలా మార్చిన మొదటి రోజు భీముడు నాలుగు సార్లు లాగి, నాలుగు సార్లూ తిరిగి మా ముఖాలు చూశాడు.

ఇంకొకటి. పొట్టి గొలుసుతో గేటుకు రోజంతా కట్టేయడం మన కాలనీల్లో మామూలైపోయింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదకొండో సెక్షను ప్రకారం, మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో అకారణంగా గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు యజమాని వ్యాయామం లేకుండా చేయడమూ నేరమే. రోజంతా కట్టేసిన కుక్కను సాయంత్రం బయటికి తెస్తే, ఏ తాడు పట్టుకున్నా అది లాగకుండా ఎలా ఉంటుంది?

నా తాడులో ఇంకా తీరని చిక్కు ఒకటుంది. ఉప్పు గాలికీ ఎండకూ రబ్బరు ఏడాదిలో బిరుసెక్కుతోంది. పైనుంచి కనబడదు. ఆరు నెలలకొకసారి పట్టీ కుట్టు విప్పి చూడాల్సి వస్తోంది. అందరూ అలా చేస్తారని నేను అనుకోను, కాబట్టి ఇంకా దాని మీదే పని చేస్తున్నాను. చేపల రేవులోనూ, పడవల మీదా పనిచేసిన వారెవరైనా మీలో ఉంటే మీ సలహా నాకు కావాలి.

ఈ బల్ల మీద నాలుగు తాళ్ళున్నాయి. మొదటిది నా భార్య వేలు విరిచిన నైలాన్ తాడు, చివరిది ఇప్పుడు మేం వాడుతున్నది. ఒక్కొక్కరూ వచ్చి నాలుగూ పట్టుకుని చూడండి. అటు చివర నేను లాగుతాను. మొదటిది మాత్రం చేతికి చుట్టుకోకండి.