ఎపిసోడ్ 27: గుండె జబ్బు, చప్పిడి కూడు

అక్క: నమస్కారం. రికార్డింగ్ మొదలైందా? సరే. ఇది 27వ ఎపిసోడ్. పోయినసారి ఫ్యాన్ చప్పుడు వినిపించిందన్నారుగా, ఈసారి ఆపేశాం, మాట ఇచ్చినట్టే.

తమ్ముడు: అందరూ ఫ్యాన్ గురించే రాశారక్కా.

అక్క: సరే, నువ్వు విషయం చెప్పు.

తమ్ముడు: ఇవాళ గుండె జబ్బు. మాత్రలు, ఆపరేషన్లే కాకుండా తిండి, నడక, నిద్ర, మనసు, ఇంట్లో మనుషులు, అన్నీ కలిపి మనిషిని మొత్తంగా చూసే వైద్యం. ఐదు భాగాలుగా రాసుకున్నాను, ఒక్కోదానికి ఆరు నిమిషాలు.

అక్క: కానివ్వు.

తమ్ముడు: మొదటిది, ముప్పు. 2004లో ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం వచ్చింది. 52 దేశాల్లో మొదటిసారి హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్ళని, రానివాళ్ళతో పోల్చి చూశారు. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, కూరగాయలు తినకపోవడం, ఒంటికి పని లేకపోవడం, ఇలా తొమ్మిది కారణాలు లెక్కేస్తే ఎటాక్ ముప్పులో 90 శాతం వాటిలోనే ఉంది. మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి ఎటాక్ 53 ఏళ్ళ దగ్గర వస్తోంది, మిగతా దేశాల్లో దాదాపు 59.

అక్క: ఆ తొమ్మిదిలో మనసు మీద ఒత్తిడి కూడా ఉందా, లేదా?

తమ్ముడు: ఉంది.

అక్క: అందుకే నేను అరుగు గురించి చెప్పేది.

తమ్ముడు: అరుగు ఐదో భాగంలో వస్తుందక్కా. రెండోది తిండి. పెద్దవాళ్ళకి ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే ఒక టీ చెంచా కూడా నిండకూడదు. ఆవకాయ, అప్పడం, చల్లమిరపకాయ అన్నీ ఆ చెంచాలోనే.

అక్క: మజ్జిగలో వేసుకునేది కూడా.

తమ్ముడు: అదీ అందులోనే. అందుకే నాన్నకి గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంట్ అనే చిన్న గొట్టం వేసి ఇంటికి తెచ్చిన రోజే చెప్పాను, జాడీ అటక మీద పెట్టేయమని.

అక్క: జాడీ ఒక్కటేనా చెప్పావు? హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, నాన్నకి వేరే గిన్నెలో వండమన్నావు. పప్పు వేరు, కూర వేరు, చారు వేరు. మనకి ఉప్పూ కారం, ఆయనకి చప్పిడి కూడు.

తమ్ముడు: డిశ్చార్జి కాగితంలో ఉప్పు తగ్గించమనే కదా రాశారు? అందులో తప్పేముంది? రెండు నెలల్లో బీపీ దారికొచ్చింది.

అక్క: బీపీ తగ్గింది, కాదనను. ఏడు కిలోలు కూడా తగ్గారు. తినక తగ్గారు.

తమ్ముడు: బరువు తగ్గడం మంచిదేగా.

అక్క: నువ్వు చూడలేదురా. పదకొండున్నరకే ఒక్కరూ కూర్చుని తినేసేవారు. మేము కంచాలు పెట్టుకునే వేళకి వెళ్ళి వెనక గదిలో పడుకునేవారు. మా కంచాలు చూడలేక. ప్రతి ఏడూ ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి, నూనె పోసి కలిపి, అందరికీ చేతిలో ముద్దలు పెట్టింది ఎవరు?

తమ్ముడు: నాన్నే.

అక్క: ఈ ఏడు అమ్మ ఆవకాయ కలుపుతుంటే ఆ గది తలుపు వేసుకున్నారు.

తమ్ముడు: అది బాధే అక్కా. కానీ బాధగా ఉందని ఉప్పు పెట్టేస్తామా? రక్తనాళానికి మన బాధ తెలియదు.

అక్క: ఉప్పు పెట్టమని ఎవరన్నారు? వేరే గిన్నె ఎందుకు అంటున్నాను. ఆయనకి పనికిరాని ఉప్పు నీకు పనికొస్తుందా? నీకూ నలభై దాటాయి, నీకూ బీపీ అంచున ఉంది. ఇంటి జబ్బుని ఆయన ఒక్కడి కంచంలో పెట్టి మనం చేతులు కడిగేసుకున్నాం.

తమ్ముడు: అమ్మకి రెండు వంటలు కష్టమైతే మనిషిని పెట్టుకోమన్నాను.

అక్క: మళ్ళీ వంట దగ్గరే ఉన్నావు. నీకు ఇంకోటి చెప్పలేదు. ఇక్కడ చెబుతానని అనుకోలేదు గానీ, చెబుతాను. ఆ నెలలో దుప్పట్లు మారుస్తుంటే నాన్న పరుపు కింద మాత్రలు దొరికాయి. పదకొండు.

తమ్ముడు: ఏ మాత్రలు?

అక్క: గడ్డకట్టకుండా వేసుకునేవి. "తిండే లేదు, ఇంక మాత్రలెందుకమ్మా" అన్నారు.

తమ్ముడు: ...అక్కా, స్టెంట్ వేసిన మొదటి నెలల్లో అవి ఆపేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టొచ్చు. ప్రాణానికే ముప్పు. నాకెందుకు చెప్పలేదు?

అక్క: చెబితే ఆయన మీద అరుస్తావని.

తమ్ముడు: అరిచేవాణ్ణేమో.

అక్క: ఆ సాయంత్రమే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించారు. తర్వాత ఈసీజీ పక్కన పెట్టి రెండే ప్రశ్నలు అడిగారు. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేనట్టు ఉందా? దిగులుగా, దారి లేనట్టు అనిపిస్తోందా? నాన్న రెండోదానికి జవాబు చెప్పలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

తమ్ముడు: ఎటాక్ వచ్చినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. అది వచ్చినవాళ్ళు తర్వాత అంత బాగా కోలుకోరని 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా చెప్పింది. నా నోట్సులో నాలుగో భాగం ఇదే. నేను రాసుకుంది మన ఇంట్లోనే ఉందని తెలియలేదు.

అక్క: నువ్వు దూరంగా ఉన్నావు. తప్పు నీ ఒక్కడిదీ కాదు, గిన్నెలు వేరు చేసింది మేమే.

తమ్ముడు: ఒకటి చెప్పాలి. ఇది నీ మాటకే బలం. చైనాలో 600 పల్లెల్లో పక్షవాతం వచ్చినవాళ్ళు, 60 దాటి బీపీ ఉన్నవాళ్ళు, దాదాపు 21,000 మంది. సగం పల్లెల్లో మామూలు ఉప్పుకి బదులు, పావు వంతు పొటాషియం ఉప్పు కలిపింది ఇచ్చారు. దాదాపు ఐదేళ్ళు చూశారు. పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు కూడా తగ్గాయి. ఈ అధ్యయనం 2021లో వచ్చింది. ఆ ఉప్పు రోగి కంచానికి ఇవ్వలేదక్కా, ఇంటి వంట మొత్తానికి ఇచ్చారు.

అక్క: చూశావా!

తమ్ముడు: కానీ కిడ్నీ జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు. పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

అక్క: మేము మామూలు ఉప్పే, అందరికీ తగ్గించాం. వారానికి కొంచెం చొప్పున. చారులో చింతపండు, మిరియాలు పెంచాం, కూర దించాక నిమ్మకాయ పిండాం. నెల తిరిగేసరికి హోటల్ సాంబారు నాకే ఉప్పగా అనిపించింది. ఆదివారం ఒక్క ముద్ద ఆవకాయన్నం, నాన్నే కలిపి పెడతారు. ఆయనదే అన్నిటికన్నా చిన్న ముద్ద.

తమ్ముడు: డాక్టరుగారికి తెలుసా?

అక్క: ఆయన్ని అడిగాకే. మళ్ళీ పోలీసు ప్రశ్నలు మొదలెట్టకు.

తమ్ముడు: సరే, సరే. టైమ్ అయిపోతోంది. నడక: వారానికి 150 నిమిషాలు, డాక్టరు చెప్పిన వేగంతో. నిద్ర: ఏడు గంటలు. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. యోగా: మన దేశంలో 24 ఆసుపత్రుల్లో, ఎటాక్ వచ్చిన 3,959 మందితో యోగా-కేర్ అనే అధ్యయనం చేశారు. దానివల్ల మళ్ళీ ఎటాక్‌లు, మరణాలు తగ్గాయని తేలలేదు. కానీ పాత పనుల్లోకి తిరిగి వెళ్ళడం మెరుగైంది.

అక్క: పాత పనిలోకి వెళ్ళడం చిన్న విషయమా?

తమ్ముడు: కాదు. కానీ మాత్రలకి బదులు కాదు.

అక్క: బదులని నేనెప్పుడన్నాను? పక్కన అన్నాను. నాన్న పాత పనేమిటి? సాయంత్రం ఐదింటికి అరుగు మీద కూర్చోవడం. పోస్టుమాన్ దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ ఆగేవారు. కారు పెట్టుకోవాలని ఆ అరుగు కొట్టించాం.

తమ్ముడు: కారు నాది.

అక్క: ఇప్పుడు గేటు బయట రెండు కుర్చీలు వేస్తున్నాను. మొన్న ముగ్గురొచ్చారు, ఒకాయన నిలబడే మాట్లాడారు.

తమ్ముడు: కారు వీధిలో పెడతాను. అరుగు కట్టించు.

అక్క: నిజంగా?

తమ్ముడు: మేస్త్రీతో నేను మాట్లాడతాను. అవునూ, నాన్న మాత్రల డబ్బాలో ఈ వారానివి సర్దారా?

అక్క: గురువారం దాకా సర్దారు. ఇప్పుడు ఆయనే సర్దుకుంటున్నారు.

తమ్ముడు: నేను పక్కన కూర్చోనా?

అక్క: కూర్చో. డబ్బా మాత్రం నువ్వు లాక్కోకు. పద, తొమ్మిదవుతోంది, ఆయన పడుకుంటారు.