పదకొండో నంబర్ జెర్సీ: డి మారియా అభిమాని రివ్యూ

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ అర్జెంటీనా ఫుట్‌బాల్ జెర్సీ ఒక ఆన్‌లైన్ షాపు వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. ఏ నంబర్ కావాలంటే పదకొండు అన్నాను. "పది కదండీ, మెస్సీది?" అని మళ్లీ ఫోన్ చేశారు. కాదండీ, పదకొండే. మెస్సీతో కలిసి అర్జెంటీనాకి ఆడిన ఏంజెల్ డి మారియాది.

గుడ్డ, సైజులు, రేటు మీరు ఈపాటికి చూసే ఉంటారు. నేను వీపు మీది అంకె గురించే మాట్లాడతా. ఇదిగో, దగ్గరగా చూడండి. గోరుతో అంచు గీకుతున్నా... లేవట్లేదు. మడత పెట్టినా గీత పడట్లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2014 ప్రపంచకప్‌లో ఆయన వేసుకున్న ఏడో నంబర్ జెర్సీ వేరే చోట కొన్నాను. మూడు ఉతుకులకే ఆ ఏడు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఫైనల్ మనకి రాత్రి పన్నెండున్నరకి. ఆ జెర్సీతోనే టీవీ ముందు కూర్చున్నా. తీరా చూస్తే టీమ్‌లో ఆయన లేడు, తొడ గాయం. ఆ పొద్దున అప్పటి ఆయన క్లబ్ రియల్ మాడ్రిడ్ నుంచి ఉత్తరం వచ్చిందట. ఆడొద్దనే రాసుంటారని, తెరవకుండానే చించేశానని తర్వాత ఆయనే చెప్పాడు. అయినా దింపలేదు. జర్మనీ 1-0తో గెలిచింది. నాకు తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

మెస్సీ అంటే నాకూ ప్రాణమే. ఇద్దరిదీ అర్జెంటీనాలోని రొసారియో ఊరే. కానీ ఫైనల్ అంటే డి మారియా! 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో నైజీరియా మీద ఒకే గోల్, ఆయనదే. 2021 కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల కప్పు) ఫైనల్, బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో, బ్రెజిల్ మీద ఒకే గోల్, అదీ ఆయనదే. జట్టు సహచరుడు డి పాల్ ఎక్కడో వెనక నుంచి కొట్టిన బంతిని అందుకుని, ముందుకొచ్చిన గోల్‌కీపర్ తల మీదుగా ఎడమ కాలితో లేపేశాడు. అర్జెంటీనాకి 28 ఏళ్ల తర్వాత పెద్ద కప్పు. 2022 ప్రపంచకప్ ఫైనల్లో పెనాల్టీ తెచ్చింది ఆయనే, 36వ నిమిషంలో గోల్ కొట్టి ఏడ్చిందీ ఆయనే. 64వ నిమిషంలో బయటికి పిలిచేసరికి స్కోరు 2-0. తర్వాత ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె రెండు నిమిషాల్లో రెండు కొట్టాడు, ఆ టెన్షన్ మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన్ని ఎందుకు తీశారని నేనింకా ఒప్పుకోను.

ఇంతా చేసిన మనిషి జెర్సీ షాపుల్లో దొరకదు. ఎక్కడ చూసినా పదే. నాకు మండేది అక్కడే.

చిన్నప్పుడు వాళ్ల నాన్న బొగ్గు అమ్మేవాడు, పిల్లలు సంచులు నింపేవాళ్లు. వాళ్లమ్మ పాత సైకిల్ మీద కొడుకుని, చెల్లెల్ని ఎక్కించుకుని వానలో కూడా ప్రాక్టీస్‌కి తొక్కుకెళ్లేది. ఇన్ని దేశాలు తిరిగి 2025లో మళ్లీ తన మొదటి క్లబ్ రొసారియో సెంట్రల్‌కే వెళ్లాడు.

సరే, జెర్సీ. గుడ్డ మన ఎండలకి కాస్త మందమే, చంకల దగ్గర చెమట ఆరదు. అయినా నా మాట, కొనండి. పదకొండే అడిగి మరీ కొనండి. తిరగేసి చన్నీళ్లలో ఉతకండి, అంకె మీద ఇస్త్రీ పెట్టొద్దు. ఇంకోటి, ఒక సైజు పెద్దది తీసుకోండి, భుజాల దగ్గర బిగుతుగా ఉంది.