అందరికీ అయిదు శ్రుతేనా?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో అయిదు అక్కడే పోతాయి, మన్నించండి. గాయకుల్లోనూ మామూలు మాటల్లోనూ శ్రుతి ఎలా మారుతూ వచ్చిందో చెప్పమన్నారు. చెబుతాను. కానీ చెన్నైలో డిసెంబరు కచేరీల రోజులు, పిల్లల్ని సంగీతం క్లాసుల్లో దింపి వచ్చిన తల్లిదండ్రులు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. నా ధ్యాసంతా వాళ్ల మీదే.

ముందు లెక్క. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే షడ్జం, అంటే "స", ఎంత ఎత్తున ఉందన్నది; దాన్ని హార్మోనియం మెట్టు అంకెతో చెబుతాం. హార్మోనియం తెల్లమెట్లు 1 నుంచి 7, వాటి మధ్య నల్లమెట్లు అరలు. 3కీ 4కీ మధ్య నల్లమెట్టు లేదు కనక మూడున్నర శ్రుతి అంటూ లేదు. కచేరీల్లో మగవాళ్లు ఎక్కువగా 1 నుంచి 2 లోపు, ఆడవాళ్లు 4 నుంచి 5½ లోపు పాడతారు. 1 శ్రుతి షడ్జం సెకనుకు సుమారు 131 కంపనాలు, 5 శ్రుతి షడ్జం 196. ఇంకొకటి గమనించండి: 4 శ్రుతిలో పాడే ఆవిడ మంద్ర పంచమమూ (అంటే "స"కి కింది "ప"), 1 శ్రుతిలో పాడే ఆయన ఆధార షడ్జమూ ఒకే స్వరం.

మరి మన పద్యనాటకాల్లో మగవాళ్లు 4, 5 శ్రుతులు ఎందుకు ఎత్తుకున్నారు? మైకు లేదు. మన చెవి 2000 నుంచి 4000 కంపనాల మధ్య ధ్వనిని బాగా పట్టుకుంటుంది. గొంతు హెచ్చించి పాడితే ఆ మేర బలం చేరుతుంది, చివరి వరసలో నేల మీద కూర్చున్నవాడికీ పద్యం అందుతుంది. తమిళ నాటకరంగంలో ఎస్.జి. కిట్టప్ప గారి పేరు మారుమోగింది కూడా హెచ్చు శ్రుతి గాత్రంతోనే. గ్రామఫోనుకూ 1925 వరకూ విద్యుత్తు లేదు, కొమ్ములోకి గట్టిగా పాడాల్సిందే.

ఆ పాత రికార్డులు విని "వాళ్లు 5లో పాడేవారండీ" అని వాదించేవారికి ఒక్క మాట. రికార్డు చేసేటప్పుడు అన్ని ప్లేట్ల గాడీ నిమిషానికి 78 చుట్లతోనే కోయలేదు. 74తో కోసినదాన్ని 78తో తిప్పితే శ్రుతి దాదాపు అర మెట్టు పెరుగుతుంది, 4½ కాస్తా 5 అవుతుంది. గమకాలూ, అంటే స్వరాల ఊపులూ, తొందరపడినట్టు వినిపిస్తాయి. అది విని పాఠం నేర్చుకుంటే లేని శ్రుతినీ లేని వేగాన్నీ నేర్చుకున్నట్టే.

మైకు వచ్చాక గొంతు చెవి పక్కకి చేరింది. మంద్రస్థాయి ఆలాపన హాలంతా వినబడసాగింది, శ్రుతులు దిగాయి. దాంతోపాటు వాద్యాలూ మారాలి. మృదంగం పొడవును ఇక్కడి తమిళ విద్వాంసులు కూడా మన తెలుగు మాటలతోనే చెబుతారు: తగ్గు శ్రుతికి సుమారు 24 అంగుళాలది, హెచ్చు శ్రుతికి 22 అంగుళాలది. 5 శ్రుతి తంబూరాను 1కి దించితే తంతి వదులై జీవ పోతుంది, అంటే తంతి కింద దారం పెట్టి రప్పించే ఆ ఝుంకారం పోతుంది. దారం ఎంత జరిపినా రాదు, లావు తంతులు వేయాల్సిందే.

మాటల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాత టెలిఫోను 300 నుంచి 3400 కంపనాలే మోసేది. మగవాడి మాట మూల శ్రుతి 100 నుంచి 130, అంటే అది తీగలోకే ఎక్కేది కాదు. ట్రంక్ కాల్‌లో అందరూ అరిచేవారు, అరిస్తే శ్రుతి దానంతటదే పెరుగుతుంది. ఇప్పుడు మైకు పెదవి దగ్గరికొచ్చింది, లోగొంతు మోజైంది. ఆస్ట్రేలియాలో 1945 నాటి యువతుల రికార్డింగులనూ 1990ల నాటివాటినీ పోలిస్తే, మాట శ్రుతి సగటు 229 నుంచి 206కి దిగింది. లేని బరువు తెచ్చిపెట్టుకుని గరగరగా మాట్లాడే పిల్లలకు చెప్పండి, ఎత్తి అరవడం ఎంత శ్రమో, నొక్కి దించడమూ అంతే శ్రమ.

ఇక నా గోడు. ఒక గదిలో పదిహేను మంది, ఆధార స్వరం మోగించే శ్రుతి పెట్టె ఒక్కటే, అది 5 మీద ఉంటుంది. ఎనిమిదేళ్ల అమ్మాయి, గొంతు మారుతున్న పదమూడేళ్ల అబ్బాయి, నలభై ఏళ్ల తల్లి, అందరికీ అదే! ఆ అబ్బాయి గొంతు కొద్ది నెలల్లో సుమారు ఒక స్థాయి, అంటే పై "స" నుంచి కింది "స" దాకా, దిగిపోతుంది. వాడు 5 పట్టుకోలేక గడ్డం పైకెత్తుతాడు, మెడ నరాలు తేలతాయి, తారషడ్జం (పై "స") దగ్గర "అ"కారం నలిగిపోతుంది. వాడికి శ్రుతిజ్ఞానం లేదని ముద్ర వేస్తారు. అమ్మా, అయ్యా, లోపం వాడిది కాదు, పెట్టెది. పాఠం అందరికీ ఒకటే కావచ్చు, శ్రుతి ఎవరిది వాళ్లకే.

ఇలా చూడండి. నిద్ర లేచిన వెంటనే వద్దు, అప్పుడు గొంతు కిందికి ఉంటుంది. కాసేపు మాట్లాడాక, "ఆ" అంటూ మెట్టు మెట్టుగా దిగమనండి. స్పష్టంగా, గరగర లేకుండా నిలిచే ఆఖరి స్వరాన్ని మంద్ర పంచమం అనుకోండి. అక్కడి నుంచి నల్లవీ తెల్లవీ కలిపి అయిదు మెట్లు పైకి లెక్కపెడితే షడ్జం. ఆ షడ్జంతో తార మధ్యమం (పై "మ") దాకా గడ్డం ఎత్తకుండా వెళ్తే అదే శ్రుతి. వెళ్లకపోతే అర మెట్టు దించి మళ్లీ చూడండి. ఎలక్ట్రానిక్ పెట్టెల్లో రెండు మెట్ల మధ్య కూడా ఆపే మీట ఉంటుంది, వాడండి. గొంతు మారే వయసు పిల్లలకు ఇది నెలనెలా చేయాలి. బొంగురు రెండు మూడు వారాలు దాటితే మిరియాల కషాయంతో సరిపెట్టకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

శ్రుతి పెట్టె ఇక్కడే ఉంది. ప్రసంగం ఆపేస్తున్నాను. పిల్లల్ని ఒక్కొక్కరినీ ముందుకు పంపండి, పెద్దబ్బాయిలు ముందు రండి. పెట్టె 1 మీద పెట్టాను.