గుంతకల్లులో బస్తా ఎందుకు దిగింది?

[తెర మీద: బేగంపేట. కింద ఎంఎంటీఎస్ బండి, పైన మెట్రో]

హైదరాబాద్ బేగంపేటలో ఇది రోజూ కనిపించేదే. కింద రైల్వే లోకల్ బండి ఎంఎంటీఎస్, పైన మెట్రో. ఆ మెట్రో బండిని క్రేనుతో ఎత్తి కింది పట్టాల మీద పెట్టామనుకోండి. ఒక పక్క చక్రాలు పట్టా మీద కూర్చుంటాయి. రెండో పక్కవి కంకరలో దిగబడతాయి. రెండు పట్టాల మధ్య దూరంలో తేడా 241 మిల్లీమీటర్లు. జానెడుకు కాస్త ఎక్కువ, అంతే.

[బొమ్మ: రెండు పట్టాలు, లోపలి అంచుల మధ్య బాణం]

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్నే గేజ్ అంటారు. మన రైల్వే బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. హైదరాబాద్ మెట్రోది 1435, స్టాండర్డ్ గేజ్. మీటర్ గేజ్ ఎంతో దాని పేరే చెబుతుంది. నారో గేజ్‌లో మన దేశంలో రెండు రకాలున్నాయి: 762, 610. కొలిచి చూడాలనిపిస్తే ఈ బొమ్మ మీదే చూసుకోండి, పట్టాల మీదకు మాత్రం వెళ్లకండి.

మరి ఒకే దేశంలో ఇన్ని కొలతలు ఎందుకొచ్చాయి?

1853లో బొంబాయి నుంచి ఠాణేకి తొలి ప్యాసింజర్ రైలు నడిచింది. అంతకుముందే పెద్ద వాదన జరిగింది. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఇంగ్లండులో ఉన్న 4 అడుగుల 8½ అంగుళాలే చాలనుకున్నారు. గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆరడుగులు ఉండాలన్నాడు. బేరం ఐదున్నర దగ్గర తెగింది.

పదిహేడేళ్లు గడిచాయి. ఖజానాలో డబ్బు తక్కువ, వెయ్యాల్సిన లైన్లేమో బోలెడు. 1870లో వైస్రాయ్ మేయో హయాంలో చవకగా, సన్నగా వేద్దామనుకున్నారు. మెట్రిక్ కొలతలు ఎలాగూ రాబోతున్నాయి కదా అని సరిగ్గా మీటరు పెట్టారు. తీరా ఆ కొలతలు మనకు స్వాతంత్ర్యం వచ్చాక గానీ రాలేదు. బజార్లో గుడ్డను గజాల్లో కొలుస్తున్న రోజుల్లోనే ఊరి పక్కన పట్టాలు మీటరు లెక్కలో ఉన్నాయన్నమాట!

[పటం: గుంతకల్లు. మద్రాసు–బొంబాయి లైను ముదురు గీత, హుబ్లీ, బెజవాడ లైన్లు సన్న గీతలు]

ఇప్పుడు ఆ రోజుల నాటి గుంతకల్లుకు రండి. మద్రాసు–బొంబాయి లైను బ్రాడ్ గేజ్. హుబ్లీ నుంచి వచ్చేది మీటర్ గేజ్. గుంటూరు, నంద్యాల మీదుగా బెజవాడ నుంచి వచ్చేదీ మీటర్ గేజే. నంద్యాలలో ఎక్కిన బస్తా బొంబాయి వెళ్లాలంటే ఇక్కడ దిగాల్సిందే. ఒక వ్యాగన్ నుంచి తీసి పక్క వ్యాగన్‌లోకి ఎక్కించాలి. కూలీ, ఆలస్యం, చిరిగే గోతాలు, కారిపోయే గింజలు. పట్టాలు వేసేటప్పుడు మిగిల్చింది ఇలా బస్తా బస్తాకీ ఖర్చయిపోయింది. నన్నడిగితే, ఇది ముందే తెలియాల్సిన సంగతి. ఇంగ్లండులో గ్లాస్టర్ స్టేషన్ దగ్గర సరిగ్గా ఈ తిప్పలే పడి, 1846లో గేజ్‌ల మీద చట్టమే తెచ్చుకున్నారు.

మనుషులకూ తప్పలేదు. కాచిగూడ నుంచి అజంతా ఎక్స్‌ప్రెస్ మీటర్ గేజ్ మీద మన్మాడ్ దాకా వెళ్లేది. బొంబాయి వెళ్లేవాళ్లు అక్కడ సామాన్లు దించుకుని ఇంకో బండి ఎక్కేవాళ్లు.

కామెంట్లలో ఒకటి తప్పకుండా వస్తుంది: పట్టాలు వెడల్పైతే బండి వేగంగా పోతుంది కదా అని. మీటర్ గేజ్‌తో పోలిస్తే సరే. కానీ 2007లో ఫ్రాన్స్‌లో గంటకు 574.8 కిలోమీటర్ల వేగం అందుకున్న రైలు నడిచింది 1435 మీదే. ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు వేస్తున్నదీ అదే. ఒక స్థాయి దాటాక వేగం తేల్చేది మలుపులు, పట్టాల నాణ్యత, సిగ్నళ్లు.

[యానిమేషన్: అర్ధవృత్తంగా తిరిగే పట్టాలు]

గేజ్ అసలు ప్రభావం మలుపులో చూడాలి. లైను పూర్తిగా వెనక్కి తిరిగితే, లోపలి పట్టా కంటే బయటి పట్టా పొడవవుతుంది. బ్రాడ్ గేజ్‌లో ఐదు మీటర్లకు పైనే, డార్జిలింగ్ కొండ రైలు 610లో సుమారు రెండు మీటర్లు. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా ఇంతే ఉంటుంది, చిత్రం! రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ తిరగడం కుదరదు. అందుకే చక్రం అంచును కొంచెం ఏటవాలుగా చేస్తారు. మలుపులో చక్రాలు బయటికి జరిగితే, బయటి చక్రం తన లావుపాటి భాగం మీద దొర్లి ఎక్కువ దూరం పోతుంది. ఆ సర్దుబాటుకూ హద్దుంది. అందుకే కొండ మీద ఇరుకు మలుపులకు చిన్న గేజే సుఖం.

మీటర్, నారో గేజ్ లైన్లను బ్రాడ్ గేజ్‌గా మార్చే యూనిగేజ్ పథకం 1992లో మొదలైంది. పట్టాను కాస్త పక్కకు జరిపితే అయిపోదు: పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు మార్చాలి, వాటి కింది మట్టికట్ట వెడల్పు చెయ్యాలి, వంతెనలు, సొరంగాలు కొత్తవి కావాలి. నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమలలో దొరబావి వంతెన ఉండేది, మీటర్ గేజ్ కోసం 1880ల్లో కట్టింది. 1990ల్లో బ్రాడ్ గేజ్ వేసేటప్పుడు దాన్ని పెద్దది చెయ్యలేదు. దాన్ని వదిలేసి, అడవిలో కొత్త దారి తీసుకున్నారు.