పాయింట్లు ఎన్నిసార్లు మార్చినా మిస్సింగేనా? డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఆడించి చూడండి: ఫోన్-ఇన్

ప్రయోక్త: నమస్కారం. అనంతపురం నుంచి పాత కార్ల ఫోన్-ఇన్ కార్యక్రమం. ఈరోజు విషయం డిస్ట్రిబ్యూటర్, అంటే ఒక్కో ప్లగ్గుకూ సమయానికి స్పార్క్ పంచే భాగం. తాడిపత్రి నుంచి ఫోన్ ఉంది. చెప్పండన్నా.

తాడిపత్రి శ్రోత: నమస్తే సార్. 1972 మోడల్ అంబాసిడర్ మార్క్ 2, పెట్రోల్ బండి. స్లోలో మిస్సింగ్ కొడతాండాది, ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజన్‌లో టకటక శబ్దం) వస్తాంది. సీబీ పాయింట్లు (కరెంటు తెంపి స్పార్క్ పుట్టించేవి), వాటిని కాలకుండా కాపాడే కండెన్సర్, ప్లగ్గులు అన్నీ కొత్తవే. టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, ఎన్నిసార్లు పెట్టినా నిలబడదు.

నిపుణుడు: పాయింట్ గ్యాప్ ఎంత పెట్టినారు?

తాడిపత్రి శ్రోత: 15 తౌ సార్.

నిపుణుడు: సరైన గ్యాపే. లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్‌కు 14 నుంచి 16 తౌ (తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.36 నుంచి 0.40 మిల్లీమీటర్లు. మరి క్యాప్ కింద తిరిగే రోటర్ తీసి, దాని కింది షాఫ్ట్‌ను వేళ్లతో పక్కలకు ఆడించి చూసినారా?

తాడిపత్రి శ్రోత: అది చూడలేదు సార్.

నిపుణుడు: ముందు చూడాల్సింది అదే. హ్యాండిల్ వేసి ఇంజన్ తిప్పి, పాయింట్లు పూర్తిగా తెరుచుకునే చోట ఆపండి. ఫీలర్ గేజ్‌తో గ్యాప్ కొలవండి. ఇప్పుడు షాఫ్ట్‌ను పాయింట్ల వైపు నొక్కి ఒకసారి, అవతలికి లాగి ఒకసారి కొలవండి. రెండు కొలతలకూ 2 తౌకు మించి తేడా ఉంటే షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్ అరిగిపోయినట్టే. అప్పుడు మీరు పెట్టిన 15 తౌ ఒక్కో సిలిండర్‌కు ఒక్కో లెక్క అవుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది కదా, పాయింట్ల దగ్గర 1 డిగ్రీ తప్పితే క్రాంక్ దగ్గర 2 డిగ్రీలు తప్పుతుంది. ఒక సిలిండర్‌లో స్పార్క్ ముందే పడి నాకింగ్, ఇంకోదాంట్లో ఆలస్యమై పికప్ ఉండదు. డ్వెల్ మీటర్ ఉన్న మెకానిక్ దగ్గరైతే ఇంకా తేలిక. డ్వెల్, అంటే పాయింట్లు మూసుకుని ఉండే కోణం, 60 డిగ్రీలు, 3 అటూ ఇటూ ఉండొచ్చు. రేస్ చేసేకొద్దీ ముల్లు ఊగిపోతుంటే షాఫ్టే.

తాడిపత్రి శ్రోత: అట్లయితే కొత్త డిస్ట్రిబ్యూటర్ కొనేదా, దీన్నే బాగు చేయించేదా సార్?

నిపుణుడు: నా మాటైతే, షాఫ్ట్ బాగుంటే దీన్నే చేయించండి. బాడీ మీద నంబర్ చెక్కి ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే లోపలి అడ్వాన్స్ స్ప్రింగులు, వెయిట్లు ఆ నంబర్‌ను బట్టి ఉంటాయి. చూడ్డానికి అచ్చం అట్లే ఉండే వేరే పీస్ తెచ్చి వేస్తే ఇంజన్ స్టార్ట్ అవుతుంది, రోడ్డు మీద మాత్రం అడ్వాన్స్ కుదరదు.

తాడిపత్రి శ్రోత: విప్పేటప్పుడు ఏం జాగ్రత్త సార్?

నిపుణుడు: ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్‌లో టాప్‌కు తెచ్చి, రోటర్ ఎటు చూస్తోందో బాడీ మీద గీత పెట్టండి. క్లాంప్ ప్లేట్‌ను బ్లాక్‌కు పట్టి ఉంచే రెండు చిన్న బోల్టులే విప్పండి. బాడీని బిగించే పించ్ బోల్ట్ జోలికి పోవద్దు, అది వదులైతే టైమింగ్ పోతుంది. ఇక ఇంజన్‌ను తిప్పొద్దు.

షాఫ్ట్ కింది చివర, దాన్ని ఇంజన్‌తో కలిపే డ్రైవ్ డాగ్ ఉంటుంది. దాని నాలుకలు సరిగ్గా మధ్యలో ఉండవు, ఒక పక్కకు జరిగి ఉంటాయి. రోటర్ గాడి ఎటుంది, డాగ్ ఎటు జరిగుంది అని ఫోటో తీసుకోండి. డాగ్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే పిన్ చివర ఆకురాయితో రాకి, పంచ్‌తో కొట్టి తీస్తారు. మళ్ళీ వేసేటప్పుడు డాగ్ తిరగబడితే, రోటర్ 180 డిగ్రీలు అవతలకు చూస్తుంది, ఇంజన్ స్టార్ట్ కాదు.

ఇప్పుడు షాఫ్ట్. బుష్ ఆడే చోట గోరు తగిలి మెట్టు తెలిస్తే, కొత్త బుష్ వేసినా లాభం లేదు. షాఫ్ట్ కూడా మార్చాలి, లేదా గ్రైండింగ్ చేయించి దానికి తగ్గ బుష్ తిప్పించాలి. కంపెనీ బుష్ లోహపు పొడిని నొక్కి చేసింది, సన్నని రంధ్రాలుంటాయి, నూనె పీల్చుకుంటుంది. బిగించే ముందు పలచని ఇంజన్ ఆయిల్‌లో 24 గంటలు నానబెట్టండి. తొందరైతే 100 డిగ్రీల వేడి నూనెలో 2 గంటలు. దాన్ని రీమర్ వేసి లోపల గీకించొద్దు, రంధ్రాలు మూసుకుపోయి నూనె రాదు. సైజుకు నునుపు చేసిన మాండ్రిల్ కడ్డీతో ప్రెస్‌లో ఎక్కించాలి. సుత్తితో కొడితే పగులుతుంది. లేత్‌లో ఫాస్ఫర్ బ్రాంజ్ బుష్ చేయిస్తే మాత్రం రీమింగ్ తప్పదు, నూనె దారి కూడా పెట్టమని చెప్పండి.

విప్పినందుకు ఇవీ చూడండి. బేస్ ప్లేట్ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు లోపల తెగి ఉండొచ్చు, పైకి బాగానే కనిపిస్తుంది. మెలితిప్పి చూడండి. వ్యాక్యూమ్ పైపును నోటితో పీల్చి నాలుకతో అడ్డు పెడితే ప్లేట్ జరిగి అక్కడే నిలవాలి, వెనక్కి వచ్చేస్తే లోపలి పొరకు, అంటే డయాఫ్రంకు చిల్లు. అడ్వాన్స్ స్ప్రింగులు రెండూ ఒకే బలంతో ఉండవు, ఒకటి వదులుగా ఉండడం లోపం కాదు. సాగదీయొద్దు.

ప్రయోక్త: తిరిగి పెట్టాక టైమింగ్?

నిపుణుడు: గ్యాప్ ముందు, టైమింగ్ తరువాత. గ్యాప్ పెంచితే టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది, అందుకే ఈ వరుస తప్పొద్దు. పాయింట్ టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య 12 వోల్ట్ బల్బు పెట్టి, కీ ఆన్ చేసి, ఈసారి పించ్ బోల్ట్ వదులు చేసి డిస్ట్రిబ్యూటర్ బాడీని మెల్లగా తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు తెరుచుకున్నట్టు. పుల్లీ గుర్తు హ్యాండ్‌బుక్‌లో ఇచ్చిన డిగ్రీ దగ్గర ఉండాలి. వైర్లు 1-3-4-2 వరుసలో, రోటర్ తిరిగే దిక్కులో, అంటే పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేకంగా. రోటర్ కింది స్క్రూ దగ్గర రెండు మూడు చుక్కల ఆయిల్, పాయింట్లను తెరిచే క్యామ్‌కు కొద్దిగా గ్రీజు. ఎక్కువైతే పాయింట్ల మీదకు చింది కాల్చేస్తుంది. తాడిపత్రిలో పాలిష్ బండల దుమ్ము కూడా ఎక్కువే, క్యాప్ బిగుతుగా కూర్చునేట్టు చూసుకోండి.

ప్రయోక్త: ప్రొద్దుటూరు నుంచి.

ప్రొద్దుటూరు శ్రోత: వేడెక్కితే బండి ఆగిపోతుంది సార్. అరగంట చల్లారితే మళ్ళీ వస్తుంది.

నిపుణుడు: ఆగిన వెంటనే, చల్లారకముందే, ప్లగ్ వైరు తీసి స్పార్క్ చూడండి. స్పార్క్ బాగుంటే పెట్రోల్ వైపు పోండి. లేకపోతే కండెన్సర్, ఆ తరువాత కాయిల్. పాయింట్లు నీలంగా కమిలి గుంట పడి ఉంటే కండెన్సర్ మీద అనుమానం ఎక్కువ. రోటర్ మధ్యలో రివెట్ ఉన్న రకమైతే స్పార్క్ షాఫ్ట్‌లోకి దిగిపోవచ్చు, రివెట్ లేనిది వేసి చూడండి.

ప్రయోక్త: చివరి ఫోన్, గుంతకల్లు.

గుంతకల్లు శ్రోత: పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేస్తే షాఫ్ట్ బాధ పోతుందా సార్?

నిపుణుడు: తగ్గుతుంది, పోదు. గ్యాప్ గొడవ ఉండదు, షాఫ్ట్ ఊగితే టైమింగ్ మాత్రం ఊగుతూనే ఉంటుంది. బుష్ సరిచేసినాకే మాడ్యూల్ వేయండి. కొనే ముందు బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి పోతోందో చూసుకోండి. కొన్ని పాత బళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, నెగెటివ్‌కు చేసిన మాడ్యూల్ దాంట్లో ఒక్కసారి కీ తిప్పితే కాలిపోవచ్చు.