ఫోన్-ఇన్: ట్రాలీకి సైజు సరిపోతే చాలదు, టైరు మోయగలగాలి

యాంకర్: నమస్కారం. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: హాలియా నుంచి మేడం. యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లులకు తోలుతుంటాం. మాది నాలుగు చక్రాల ట్రాక్టర్ ట్రాలీ. సెకండ్ హ్యాండ్ టైర్లు చూడడానికి వచ్చాను. సైజు సరిపోయింది, పెద్దగా అరగలేదు. తీసుకోవచ్చా సార్?

నిపుణుడు: టైరు దగ్గరే ఉన్నారా? మంచిది. పక్కభాగం మీద సైజు తర్వాత ఉన్న అంకె, అక్షరం చదవండి.

శ్రోత: 126, ఏ8.

నిపుణుడు: 126 అంటే ఒక్కో టైరు 1,700 కిలోలు మోస్తుంది. ఏ8 అంటే గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. లోడుతో ధర్మకాంట ఎక్కిస్తే ట్రాలీ ఒక్కటే ఎంత తూగుతుంది?

శ్రోత: ఏడున్నర టన్నుల దాకా సార్.

నిపుణుడు: నాలుగు టైర్లూ కలిసి మోసేది 6,800 కిలోలే. ఇక్కడే 700 కిలోలు ఎక్కువైంది. పైగా బరువు నాలుగింటి మీదా సమానంగా పడదు. రోడ్డు ఒక పక్కకు వాలితే చాలు, భారం ఎక్కువగా ఆ పక్క టైర్ల మీదికి వస్తుంది. మీకు 136 తీసుకోండి, అది 2,240 కిలోలు మోస్తుంది. అయితే ఇరుసు, రిమ్ములు ఎంతకు చేసినవో అంతకు మించి లోడు వేయకండి. టైరు మార్చినంత మాత్రాన ట్రాలీ బలం పెరగదు. ఇంకో చోట తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, కనిపించిందా?

శ్రోత: 1415 అని ఉంది. పక్కన సన్నగా పగుళ్లు కూడా ఉన్నాయి సార్.

నిపుణుడు: 2015లో 14వ వారం తయారైంది. అది వద్దు, సగం ధరకిచ్చినా వద్దు. వాడకుండా ఉంచినా రబ్బరు ఎండకు గట్టిపడి పగులుతుంది. పైన ఎంత మందం మిగిలినా లాభం లేదు.

యాంకర్: కొత్తవి నాలుగూ ఒకేసారి కొనలేకపోతే?

నిపుణుడు: రెండే కొని ఒకే ఇరుసుకు వేయండి. ఉన్నవాటిలో పగుళ్లు, ఉబ్బులు లేని రెండు మిగిలితేనే ఆ పని చేయండి. అప్పటిదాకా పాత టైర్లు మోయగలిగినంతే లోడు. గాలి ఎలా చూస్తారు?

శ్రోత: సుత్తితో కొట్టి చూస్తాం సార్.

నిపుణుడు: అలా తెలియదు. పొద్దున బండి కదలకముందు గేజీతో చూడండి. టైరు మీద రాసిన బరువు సరైన గాలి ఉన్నప్పుడే వర్తిస్తుంది. గాలి తక్కువైతే టైరు పక్కలు పదేపదే వంగి లోపల వేడి పెరుగుతుంది. మన ఏప్రిల్ ఎండకు రోడ్డు కూడా కాలుతుంటుంది, టైర్లు పగిలేది అప్పుడే. మధ్యాహ్నం గాలి ఎక్కువైనట్టు కనిపించినా తీయకండి, చల్లారాక చూడండి.

శ్రోత: సరే సార్. లోడు మీద హమాలీలు కూర్చుంటారు, పర్వాలేదా?

నిపుణుడు: వద్దు. దయచేసి కూర్చోనివ్వకండి. వాళ్లను బస్సులోనో ఆటోలోనో పంపండి.